కల్లం మీద తొలిమంచు

ఈ ఏడాది తొలిమంచు క్రిస్మస్ దాటాక పడింది. ఆ ఉదయం టీవీలో ఒకమ్మాయి శాలువా కప్పుకుని, ప్రకృతి ప్రేమికులు పరవశించిపోతున్నారని చెప్పిందట. మా ఆవిడ రాజేశ్వరి విని వచ్చి నాకు చెప్పింది. ఆ సమయానికి నేను చీరాల రోడ్డు పక్కన మా కల్లంలో నిలబడి ఉన్నాను. నా కాళ్ళు నాకే కనిపించడం లేదు. పరవశించానో లేదో చూసుకునే వీలు కూడా లేకపోయింది.

కల్లమంటే మరేం కాదు, మిరపకాయలు ఎండబెట్టుకునే చదునైన నేల. తొలికోత కాయలు అందులో ఉన్నాయి. పగలు ఎండలో పరుస్తాం. పొద్దు వాలేలోపు కుప్ప చేసి పట్టా కప్పుతాం. తెల్లారి ఎండ తగలగానే మళ్ళీ పట్టా తీస్తాం. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకంటే చదువు అక్కర్లేదు. చిక్కల్లా మంచు పడినప్పుడే. పట్టా తీస్తే మంచు కాయ మీదికి దిగుతుంది, ఎర్రగా మెరవాల్సిన కాయ తెల్లబడి, సగం ధరైనా పలకని తాలుకాయ అయిపోతుంది. తీయకపోతే లోపల కాయ ఉడుకెత్తి చెమటపడుతుంది, ఆ వెనకే బూజు. మంచు ఎంతకీ వీడకపోతే కుప్ప పక్కన నిలబడి తిట్టుకోవడమే. వానకి పంట పోతే అధికారులన్నా కారు దిగి చూసి తల ఊపుతారు. మంచుకి ఆ తల ఊపడం కూడా ఉండదు.

"ఒరేయ్ బాపయ్యా! ఉన్నావా, కరిగిపోయావా?"

పక్క కల్లం ఇమ్మానియేలు గొంతు. మనిషి కనబడడం లేదు.

"ఉన్నాలేరా. పట్టా తీశావా?"

"తియ్యలా. నువ్వు తీశావేమోనని చూత్తన్నా."

"కనపడితేగా చూడ్డానికి!"

"అందుకేరా నోటితో అడిగింది."

మా ఇద్దరి వ్యవసాయం మొదట్నుంచీ ఇంతే, ఒకణ్ణి చూసి ఒకడు. నేను పత్తి వేస్తే వాడూ పత్తి. వాడు మిరప వేస్తే నేనూ మిరప. మునిగినా ఇద్దరం కలిసే మునుగుతాం కాబట్టి స్నేహం చెడలేదు.

అప్పుడే రోడ్డు మీద ఒక బండి ఆగింది. చీరాలలో ఫొటోలు తీసే అయూబ్ అనే కుర్రాడు. ఎక్కడో పెళ్ళికి పోతూ మా మంచు చూసి ఆగిపోయాడట. ఫోను పైకెత్తి గిరగిరా తిరిగాడు. "అన్నా, ఇది మన జిల్లాయేనా? కాశ్మీరన్నా, కాశ్మీరు!" అంటూ నన్ను కూడా తీశాడు. ఆ సమయంలో నేను పట్టా మీద చెవి పెట్టి, లోపల నీటిబొట్లు రాలుతున్నాయేమోనని వింటున్నాను. సాయంత్రానికి ఆ వీడియో ఊరంతా చూసింది. నా బొమ్మ కింద "ప్రకృతి ఒడిలో సేదతీరుతున్న రైతన్న" అని రాశాడు.

మర్నాటి నుంచి జనం. ఒంగోలు నుంచి, గుంటూరు నుంచి తెల్లవారేసరికి కార్లు దిగుతున్నారు. అందరికీ మంకీ క్యాపులూ, స్వెట్టర్లూ. ఒకాయన అయితే చేతులకు తొడుగులు కూడా వేసుకొచ్చాడు. నోరు తెరిచి పొగ వదిలి, ఒకరికొకరు చూపించుకుని మురిసిపోతున్నారు. "ఎన్ని డిగ్రీలండీ ఇక్కడ?" అని నన్నే అడుగుతారు. చొక్కా గుండీలు ఊడిపోయి నిలబడ్డవాణ్ణి, నాకు డిగ్రీలెక్కడివి?

రాజేశ్వరి మాత్రం రెండోరోజే కల్లం చివర పొయ్యి పెట్టేసింది. టీ, మిరపకాయ బజ్జీ. ఎండుమిర్చికి వేసే రకం బజ్జీకి పనికిరాదు, అదొక కారం కుంపటి. అందుకని పర్చూరు కూరగాయల కొట్టునుంచి బజ్జీ కాయలు తెప్పించింది. వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని తిని, "ఆంటీ, మీ చేలో కాయలా? అందుకే ఈ రుచి!" అంటారు. "మా చేలోవేనమ్మా, మందులు కొట్టని కాయలు," అంటుంది మా ఆవిడ. నేను మందులు కొట్టే మిషను మీద కూర్చుని ఆ మాట వింటూ ఉంటాను.

ఇరవై ఏళ్ళుగా ఆమె ఈ కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఆ ఘాటుకి దగ్గుతూనే ఉంటుంది. ఎంత బాగా ఏరావమ్మా అన్నవాడు ఇంతవరకు లేడు. నేనూ అనలేదు. ఇప్పుడు ఎవరో కాలేజీ పిల్లలు "సూపర్ ఆంటీ" అంటే, కొంగు సర్దుకుని నిలబడుతోంది. ఆ నిలబడడం నాకు కొత్త.

దాంతో ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మంచు పడితే ఆమె హుషారు, నేను నీరసం. మంచు లేకుండా తెల్లారితే నేను పాట అందుకుంటాను, ఆమె కలిపిన శనగపిండి వంక చూస్తూ కూర్చుంటుంది.

"ఇయ్యాలా పడలేదు," అంది ఒకరోజు.

"పోన్లే, కాయన్నా ఎండుద్ది."

"కాయ ఎండుద్ది, కాయ ఎండుద్ది! పెళ్ళయిన కాణ్ణించీ కాయ ఎండటమే చూత్తన్నా."

నేను పట్టా మడత పెట్టుకున్నాను.

ఇట్లా ఉండగా అయూబ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక జంటతో. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకుంటారు కదా ఇప్పుడందరూ, అదన్నమాట. అమ్మాయి పేరు శ్రీదివ్య, గుంటూరు. తెల్లటి బారు గౌను, దాని తోక మోయడానికి ఒక చెల్లెలు. పొగమంచులో ఎర్రటి మిరపకాయలు పరిచి ఉంటే, వాటి మధ్య వీళ్ళిద్దరూ నడవాలి. అదీ అయూబ్ లెక్క. రాజేశ్వరి ఒప్పేసుకుందని నాకప్పుడే తెలిసింది.

"మంచులో పట్టా తియ్యటమా? నీకేమన్నా పిచ్చా?" అన్నాను.

"కాసేపేగా! పాపం ఆ పిల్ల తెల్లారకముందే ముస్తాబై వచ్చింది."

"నా కాయ కూడా ముస్తాబయ్యే ఉంది. దాన్ని తెల్లబడనిచ్చేది లేదు."

గొడవ అక్కడితో ఆగింది. ఎందుకంటే ఆ రోజు మంచు పడలేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎండ తొందరగా ఎక్కింది. నేను దర్జాగా పట్టా లాగేసి, కల్లం నిండా కాయలు పరిచాను. మీకు కావలసిన ఎరుపు ఇదిగో, మంచు మాత్రం నన్నడక్కండి, అన్నట్టు.

శ్రీదివ్య ముఖం వాడిపోయింది. పెళ్ళికొడుకు గడియారం చూసుకున్నాడు. అయూబ్ తల గోక్కుంటూ, "పొగ మిషను ఉందన్నా, కానీ ఇయ్యాల ఇంకో పెళ్ళికి పోయింది," అన్నాడు. రాజేశ్వరి పొయ్యి దగ్గర నూనె మూకుడు ముందు కూర్చుని నావైపు చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే తిట్టి ఊరుకునేవాణ్ణి.

"పొగైతే చాలా నీకు?" అన్నాను అయూబ్‌తో.

కల్లం అంచున పీకేసిన పత్తికట్టె కుప్ప ఉంది. దానికి నిప్పు పెట్టి, పైన నాలుగు చెంబుల నీళ్ళు చల్లాను. తెల్లగా, బరువుగా పొగ లేచింది. పైకి పోకుండా నేలబారున పాకుతూ కల్లమంతా కమ్ముకుంది. నిజం చెప్పాలంటే అసలు మంచుకంటే బాగుంది.

"అన్నా, నువ్వు సినిమాల్లో ఉండాల్సినోడివి!" అని అరిచాడు అయూబ్.

నాకు నవ్వొచ్చింది. మంచుని నానా బూతులూ తిట్టేవాణ్ణి, నా కల్లంలో నేనే తయారుచేస్తున్నాను. అయినా బాగానే అనిపించింది. రాజేశ్వరి లేచి నిలబడి చూస్తోంది.

ఆ జంట చేతులు పట్టుకుని నాలుగడుగులు వేశారో లేదో, ఘాటు మొదలైంది. పత్తికట్టెకు ఘాటెక్కడిది? ఆ కుప్ప కిందే మా ఆడవాళ్ళు రోజూ తాలుకాయలూ, తొడిమలూ, కల్లం ఊడ్చిన చెత్తా పోస్తున్నారు. ఊళ్ళో పిల్లవాడికైనా తెలిసిన సంగతి. నాకే గుర్తులేదు. పెళ్ళికొడుకు అమ్మాయి చెయ్యి వదిలేసి చేలోకి పరుగెత్తాడు. శ్రీదివ్య కళ్ళు మూసుకుని నిలబడ్డచోటే తుమ్ములు, దగ్గులు, ధారలు. చెల్లెలు గౌను తోకతోనే ముఖం తుడుచుకుంది. అయూబ్ దగ్గుతూనే తీస్తున్నాడు.

"ఒరేయ్ బాపయ్యా! ఎవురికిరా దిష్టి తీత్తన్నావు?" పక్క కల్లంలోంచి ఇమ్మానియేలు కేక. "జిల్లా మొత్తానికి కలిపి తీశావా ఏంది? నేను చర్చికి పోయేటోణ్ణిరా, నాకెందుకురా ఇది!"

రాజేశ్వరి బిందెడు నీళ్ళు తెచ్చి ఆ పిల్ల ముఖం కడిగింది. ఆ పిల్ల తిడుతుందేమోనని చూశాను. శ్రీదివ్య ముక్కు చీదుకుని, చేలోంచి బిక్కుబిక్కుమంటూ వస్తున్న పెళ్ళికొడుకుని చూసి ఒకటే నవ్వు. "పెళ్ళికి ముందే తెలిసింది ఆంటీ, పొగొస్తే ఎవరు పరిగెడతారో," అంది. ఆ తర్వాత బజ్జీలు తిన్నది.

ఆ ఫొటోలు బాగా వచ్చాయట. ఆనందబాష్పాలు అంటూ జనం మెచ్చుకున్నారని అయూబ్ ఫోన్ చేశాడు.

అందరూ బాగున్నారు. ఒక్క నా కాయే బాగాలేదు. ఆ పొగంతా పరిచిన మిరపకాయల మీదుగా పాకింది కదా. సాయంత్రం కుప్ప చేసి, పట్టా బిగించి కట్టి, వాసనంతా లోపలే దాచాను. నా చేతులతోనే.

మర్నాడు బేరగాడు వేణుగోపాల్ వచ్చాడు. మా వైపు కాయంతా కొని గుంటూరు పంపేది ఆయనే. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజ గలగలమంది. ఎండకి పట్టి రంగు చూశాడు. తల ఊపాడు. తర్వాత ఒక కాయ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆగిపోయాడు.

"ఏందయ్యా బాపయ్యా, పొగ వాసన!"

"పక్కన ఎవరో కట్టె తగలెట్టారండి."

"ఎవరో?"

"నేనేలెండి."

"మంచు నుంచి ఇంత జాగ్రత్తగా కాపాడుకున్నావు. ఒక్క తాలుకాయ లేదు. తీరా చూస్తే పొగ పెట్టుకున్నావు. ఈ వాసనతో గుంటూరులో తాలులో కలిపేస్తారయ్యా. బాగా ఎండ తగలనీ, ఆదివారం వచ్చి చూత్తా. అప్పటికీ వాసనుంటే నేనేం చెయ్యలేను." చెప్పులేసుకుంటూ ఆగాడు. "అన్నట్టు, ఆ వీడియోలో మంచు ఇక్కడిదేనటగా? మా పిల్లలు ఒకటే గోల. ఆదివారం వాళ్ళనీ తీసుకొత్తా. ఉంటదా మంచు?"

"ఎందుకుండదన్నయ్యగారూ, తీసుకురండి," అంది రాజేశ్వరి, నేను నోరు తెరిచేలోపే.

ఇక చూడండి నా అవస్థ. వాసన పోవాలంటే ఎండ కావాలి. వేణుగోపాల్ గారు సంతోషంగా ఉండాలంటే మంచు కావాలి. కాయల్ని కాళ్ళతో తిరగేస్తూ, గంటకోసారి ఒకటి విరిచి వాసన చూస్తూ, ఆ రోజులు గడిపాను. తగ్గింది గానీ పోలేదు. శనివారం ఇమ్మానియేలుని అడిగాను.

"రేపు ప్రార్థనలో నా సంగతి కూడా ఒక మాట చెప్పరా. పొద్దున కాసేపు మంచు, ఆ తర్వాత ఫెళ్ళుమని ఎండ."

"దేవుడికి టైం టేబులు ఇత్తావంట్రా? అయినా నువ్వు మంచు అడగటమేంది! జొరమొచ్చిందా?"

ఆదివారం మంచు పడింది. అట్లాంటి ఇట్లాంటి మంచు కాదు, రోడ్డు మీద లారీలు లైట్లు వేసుకుని పాకుతూ పోతున్నాయి. వేణుగోపాల్ పిల్లాపాపలతో దిగాడు. పిల్లలకు నిలువెల్లా ఉన్ని బట్టలు. ఆయన మాత్రం పల్చటి లాల్చీ. "మనం ఈ నేల మీద పుట్టినోళ్ళం, మనకేం చలి!" అని, పిల్లల వెనక మంచులో గట్ల మీద తిరిగాడు. ఫొటోలు దిగాడు. తడిసిన గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిచాడు. రాజేశ్వరి మూకుడు దించకుండా బజ్జీలు వేస్తూనే ఉంది. నేను పట్టా పక్కన నిలబడి, లోపల కాయ ఎంత చెమట పడుతుందో ఊహించుకుంటూ, పిల్లలు అడిగిన దానికల్లా పళ్ళికిలించాను.

ఎట్టకేలకు మంచు వీడింది. ఎండ తగలగానే పట్టా లాగాను. కాయ తడవలేదు. కానీ పట్టా లేవగానే గుప్పుమంది, అదే వాసన.

వేణుగోపాల్ వచ్చి కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. కాయ విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తుమ్మాడు. తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తుమ్మాడు. ఆయన ముక్కు ఎర్రగా, కారుతూ ఉంది.

"వాసన పోయిందే!" అన్నాడు, గొంతంతా ముక్కులోంచే వస్తూ. "ఏమంటావు?"

"నాదేముందండీ. చూసేది మీరు."

"పోయింది, పోయింది. మంచి ఎండ తగిలినట్టుంది. పిలువు కాటా వాళ్ళని."

చర్చికి పోయేముందు పట్టా తీస్తున్న ఇమ్మానియేలు తన కల్లంలోంచి తల ఎత్తి, గాలి పీల్చి, నావైపు అదోలా చూశాడు. నేను అటు తిరగలేదు. కాటా స్తంభం పాతడానికి గడ్డపార అందుకున్నాను.

"అయ్యో, అన్నయ్యగారికి జలుబు పట్టేసిందే!" రాజేశ్వరి పొయ్యి దగ్గర్నుంచి లేచింది. "ఉండండి, మిరియాలూ శొంఠీ దంచి కషాయం పెడతా. ఒక్క గుక్కకే ముక్కు వదులుద్ది."

"కాటా కానీవే," అన్నాను. "తర్వాత ఇద్దువుగానిలే."