పీటల మీద చెప్పులుండవు

చపాతీలు ఒత్తుతుంటే మా ఆయన హరికిషన్ ఒక షూ డబ్బా తెచ్చి పిండి పక్కనే పెట్టాడు. "గట్టు మీద పెట్టకుండ్రి, తినేది చేసే జాగ" అన్నాను. వినిపించుకోలేదు. తనే మూత తీశాడు. లోపల తెల్లటి షూలు, అడుగు మూడు వేళ్ల మందం. "కార్ఖానా బజార్ల తీసుకున్న. ప్లాట్‌ఫారం ఫ్యాషన్ మళ్లొచ్చిందంట, పోరగాళ్లంత ఇవే ఏస్తున్నరు. ఎడమది లోపల చెక్కించుకో. చీర కుచ్చిళ్ల కింద ఎవ్వలకు తెల్వది."

పెళ్లయిన ఇన్నేళ్లలో అడక్కుండా ఆయన నాకోసం తెచ్చిన మొదటి వస్తువు అదే. అబద్ధమెందుకు, సంతోషం కలగబోయింది కూడా. అంతలోనే అసలు సంగతి చెప్పాడు. "యామిని పెండ్లిల పీటల మీద అన్న, వదినె కూసుంటరు. ఆడ చెప్పులు ఇడవాలె గద, నీతోని కాదు. నువ్వు ఇవేస్కొని కింద సోఫాల కూసో. ఫొటోలు సుత మంచిగొస్తయి." చపాతీ పెనం మీద మాడిపోయింది. నేను కన్న పిల్ల పెళ్లిలో తల్లి స్థానంలో కూర్చునేది మా తోటికోడలట! ఎప్పుడు అనుకున్నారో, ఎవరెవరు అనుకున్నారో, నాకొక్కదానికే తెలియలేదు.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడికాలు ఎడమదానికన్నా రెండు వేళ్ల మందం పొట్టిదైంది. అప్పట్నుంచీ నా మంచిరోజులూ చెడ్డరోజులూ చెప్పుల షాపులవాళ్లే నిర్ణయిస్తున్నారు. డిగ్రీలో ఉండగా, తొంభైల చివర, సికింద్రాబాదు ఆడపిల్లలంతా ఇటుకల్లాంటి అడుగులున్న చెప్పులేసుకుని తిరిగేవాళ్లు. మా నాన్న నాకూ ఒక జత కొని, ఎడమది లోపల లోతుగా చెక్కించాడు. పైకి రెండూ ఒకేలా ఉండేవి. వేసుకుంటే నా కాళ్లు సమానం. అబ్బ, ఎంత తిరిగానో! బజారులో ఒక్కరంటే ఒక్కరు తిరిగి చూడలేదు. రెండేళ్లకు ఆ ఫ్యాషన్ పోయింది, పల్చటి చెప్పులొచ్చాయి, నాకు మళ్లీ ఒక్క కాలికే ఎత్తు కట్టిన చెప్పు మిగిలింది. మా మేనమామ పాత ఫొటోలో, బెల్‌బాటం ప్యాంట్ల కాలంలో, మగవాళ్లు కూడా అలాంటి ఎత్తు బూట్లతోనే నిలబడి ఉంటారు. ఆ ఫ్యాషన్ వస్తుంటుంది, పోతుంటుంది. వచ్చినప్పుడు నేను మామూలు మనిషిని, పోగానే కుంటిదాన్ని.

నన్ను చేసుకునేటప్పుడు మా అత్త శారదమ్మకు నా కాలు, నా ఉద్యోగం, అన్నీ తెలుసు. "కాలు కుంటిదైతేంది, రైల్వే జీతమైతే సక్కగనే నడుస్తది" అంది పదిమందిలో. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆఫీసులో తోటివాళ్లు తమ ఫైళ్లు కూడా నా టేబుల్ మీద పడేసి చాయ్‌కి పోతారు, "మీరెట్లాగూ లేవరు గద మేడం" అంటూ. మా ఆయన బయటెక్కడైనా నాకంటే ముందు నడుస్తాడు. మొదట్లో తొందరేమో అనుకునేదాన్ని. మొన్న లంచ్‌లో ఫోన్లో చదివాను, వందల ఏళ్ల కింద వెనిస్‌లో గొప్పింటి ఆడవాళ్లు ఎంత ఎత్తు చెప్పులేసేవాళ్లంటే, నడవాలంటే పక్కన పనివాళ్లు పట్టుకోవాల్సి వచ్చేదట. లోకం వాళ్లను చూసి ఎగతాళి చేసేదట. నాకు మాత్రం వాళ్లమీద అసూయ కలిగింది. పట్టుకోవడానికి మనుషులున్నారు కదా.

పెళ్లికొడుకు పృథ్వీ వాళ్లు మా ఇంటికొచ్చిన రోజు పులిహోర, గారెలు, పాయసం, అన్నీ నిలబడే చేశాను. ఎవరూ ఒక్క గారె తిప్పలేదు. వాళ్ల కారు గేటు దగ్గర ఆగగానే "కూసో, కూసో" అని ఆయన, అత్త, యామిని ముగ్గురూ తొందరపెట్టారు. వాళ్లు వెళ్లేదాకా సోఫాలోంచి లేవనియ్యలేదు. నాకు నడుం నొప్పి అని వాళ్లకు ముందే చెప్పారట. అత్త చెప్పిందనుకున్నాను. కాదు, యామిని.

పీటల సంగతి దాన్నే అడిగాను. "అమ్మా, ప్లీజ్, ఇష్యూ చెయ్యకు. స్టేజి మీద అందరు నిన్నే చూస్తరు. నీకే తక్లీఫ్" అంది, గోళ్లకు రంగేసుకుంటూ. దీన్ని చంకనేసుకుని మోండా మార్కెట్టంతా కూరగాయల సంచితో తిరిగాను, ఈ కాళ్లతోనే. ఆయనన్నది భరించగలిగాను గానీ ఇది భరించలేకపోయాను. ఆ రాత్రి అన్నం తినకుండానే పడుకున్నాను. ఆ సంగతి కూడా ఎవరూ గమనించలేదు.

షూలు మాత్రం చెక్కించుకున్నాను. ఎందుకు చెక్కించుకోను? హాయిగా ఉన్నాయి. ఆదివారం శుభలేఖ ఇవ్వడానికి యాప్రాల్‌లో పృథ్వీ వాళ్లింటికి అవే వేసుకుని ఆయనతో, యామినితో బయల్దేరాను. కారు ఆగగానే ఆయన, "నువ్వు కార్లనే ఉండు, నడుం నొప్పని చెప్తం" అన్నాడు. యామిని, ఆయన దిగి లోపలికి వెళ్లారు. నేనూ దిగాను. గుమ్మం దగ్గర వంగి, రెండు షూలూ విప్పాను. నున్నటి బండల మీద నా అడుగులు ఎప్పట్లాగే ఒకటి పైకి, ఒకటి కిందికి పడ్డాయి. మా ఆయన మొహం నల్లబడింది. యామిని ఫోన్లోకి తల దించేసుకుంది. గుమ్మం నుంచి సోఫా దాకా అంత దూరం ఉంటుందని నాకు తెలియదు. అయినా ఆగలేదు.

పృథ్వీ తల్లి సీతామహాలక్ష్మిగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా కాళ్లవైపు చూసింది. "అయ్యో వదినగారూ, నడుం నొప్పి ఇంకా తగ్గలేదాండీ?"

"నడుం నొప్పి నాకెప్పుడు లేదు వదినా. చిన్నప్పుడు పోలియో వచ్చింది, నా నడకే ఇది. పెండ్లిల పీటల మీద కూసునేది నేనే, అప్పుడు చూసి మీరు పరేషాన్ కావొద్దని ఇయ్యాల నడిచి చూపిస్తున్న."