మంచం కింద గులకరాళ్లు

ఆడవాళ్ల కడుపులో ఏముందో మా స్కానమ్మకు తెలిసినంతగా ఈ భూప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు. తన కడుపులో పొద్దున్నుంచి ఏమైనా పడిందో లేదో మాత్రం సాయంత్రమైనా గుర్తుండదు.

ఆవిడకు అసలు పేరొకటి ఉంది. జీతమిచ్చే వాళ్లకు తప్ప ఎవరికీ దాంతో పని పడలేదు. ఆస్పత్రిలో మెట్ల కింద గది ఆవిడది. కిటికీ లేదు. ఒక మంచం, ఒక స్కాన్ మిషను, ఒక తెర, గోడవార స్టూలు మీద ఆయా. పరీక్ష జరిగినంతసేపూ వచ్చినామెకు తోడుగా కూర్చోవడం, అయ్యాక గది ఊడవడం ఆయా పని.

స్కానమ్మ రోజంతా అవే మాటలు చెబుతుంది, గొంతు అరిగేదాకా. "బాత్రూముకు వెళ్లొచ్చారా? ఇదిగో, లోపల పెట్టి చూసేది ఇదే. ఇంతవరకే వెళుతుంది. పైన కొత్త తొడుగు వేస్తాను. రబ్బరు పడకపోతే చెప్పండి, వేరేది ఉంది. పెట్టుకోవడం మీ చేత్తో మీరే చేసుకోవచ్చు. నొప్పైతే ఆపమనండి, ఆపేస్తాను." అంతా అయ్యాక అడుగుతుంది: "చూడమంటారా?"

నోటితో 'సరే' అని మనసులో 'వద్దు' అనుకుంటే, మంచం కింద ఒక గులకరాయి టక్‌మని పడుతుంది. ఆ గదికి మొదట్నుంచీ ఉన్న అలవాటది. రాయి పడితే స్కానమ్మ ఆగుతుంది, మళ్లీ మొదట్నుంచి చెబుతుంది. సాయంత్రం ఆయా రాళ్లన్నీ ఊడ్చి వరండా పూలకుండీల్లో పోస్తుంది. రాళ్లతో చీపురు అరిగిపోతోంది, కొత్తదిప్పించండి అని ఆఫీసులో అడిగితే, "మొన్నేగా ఇచ్చాం!" అని కసిరారు తప్ప, రాళ్లేమిటని ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు బయట కుర్చీలు ఎంతకీ ఖాళీ కావడంలేదు. స్కానమ్మ కుడి భుజం పొద్దుటి నుంచీ సలుపుతోంది. పై అంతస్తులో మనిషి తక్కువైందని ఆయాను పిలుచుకుపోయారు. అలాంటప్పుడు ఒకావిడ పొత్తికడుపు పట్టుకుని వంగిపోతూ వచ్చింది. పక్కనే ఆమె తమ్ముడు, చేతిలో అక్క సంచీ, మొహంలో సర్వజ్ఞత్వం.

"గ్యాసండీ," అన్నాడు తమ్ముడు. "నేను చెబుతూనే ఉన్నాను. బావ డ్యూటీలో ఉన్నాడని నేను తీసుకొచ్చాను. ఇంతకుముందు కూడా ఇక్కడిదాకా వచ్చి, పిలిచేలోపే ఇంటికి పారిపోయింది. ఇవాళ వదల్లేదు."

"మీకెక్కడ నొప్పమ్మా?" అంది స్కానమ్మ అక్కను చూసి.

"కుడిపక్కనండీ," అన్నాడు తమ్ముడు.

స్కానమ్మకు ఓపిక లేదు. రోజూ చెప్పే మాటల్లో సగం మింగేసింది. "లోపల్నుంచి చూస్తానండీ, సరేనా?"

అక్క తమ్ముడి వైపు చూసింది. "సరే."

టక్.

స్కానమ్మ విననట్టే తొడుగు చించింది. ఇంకా అంతమంది ఉన్నారు, ఇదొక్కటి కానిచ్చేస్తే చాలు. జెల్ అందుకోబోయింది. టక్. టక్. ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి ఆవిడ చెప్పుకు తగిలి ఆగింది. స్కానమ్మ దానికేసి చూసి, చేతిలోది కింద పెట్టేసింది.

"బాబూ, మీరు బయట కూర్చోండి."

"నేను సొంత తమ్ముణ్ణండీ!"

"అందుకే. ఆయాను పిలుస్తాను."

ఆయా రొప్పుతూ దిగింది. "నన్ను రెండు ముక్కలు చేసి పైన ఒకటి, కింద ఒకటి పెట్టుకోండి," అని సణిగి స్టూలు మీద కూలబడింది. స్కానమ్మ తెర లాగి, అక్క మోకాళ్ల మీద దుప్పటి కప్పింది.

"ఇప్పుడు చెప్పమ్మా. వద్దంటే ఎవరూ ఏమీ అనరు."

అక్క తెర పూర్తిగా మూసుందో లేదో చూసుకుంది. "వేరేచోట ఒకసారి... ఏం చేస్తారో చెప్పకుండానే పెట్టేశారండీ. ఏడిస్తే 'కదలొద్దు' అన్నారు. వద్దంటే మీరు నిజంగా ఆపేస్తారా?"

"ఆపేస్తాను. ముందు పొట్ట మీద నుంచే చూద్దామా?"

"చూడండి," అంది అక్క. ముగ్గురూ చెవులు రిక్కించారు. మిషను ఫ్యాను మోత తప్ప ఏమీ లేదు.

పొట్ట మీద నుంచి చూస్తే కుడివైపు ఏదో మసకగా ఉంది. స్కానమ్మ దాచలేదు. "ఏదో కనబడుతోందిగానీ స్పష్టంగా లేదు. లోపల్నుంచైతే తెలుస్తుంది. పెట్టుకోవడం మీరే చేయొచ్చు, నేను పట్టుకుని ఉంటాను. మీరు ఆపమంటే అక్కడితో సరి."

"నిజంగా నేనే?"

"మీరే."

అక్క కళ్లు మూసుకుని, "సరే," అంది. ఆయా వంగి మంచం కిందకు చూసింది. "ఏం పడలేదు," అంది గుసగుసగా.

"చూడండి," అంది అక్క, ఈసారి గట్టిగా.

మధ్యలో ఒకసారి "ఆగండి" అంది. స్కానమ్మ భుజం మండుతున్నా చెయ్యి కదలకుండా ఆగింది. అక్క ఊపిరి తీసుకుని తలూపాక మళ్లీ చూసింది. వాచిన అండాశయం మిషను తెర మీద కనిపించింది. అందులోకి రక్తం పోతున్న జాడ కనబడలేదు. స్కానమ్మ తనంతట తాను ఏమీ తేల్చలేదు. "డాక్టరుగారిని ఇప్పుడే పిలుస్తున్నాను. అంతవరకూ ఇంటికి మాత్రం వెళ్లకండమ్మా," అంది.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "అండాశయం మెలి తిరిగినట్టుంది. వెంటనే ఆపరేషన్ చేస్తే దక్కొచ్చు. ఇవాళ కూడా ఇంటికి వెళ్లిపోయి ఉంటే తీసేయాల్సి వచ్చేది," అంది.

దక్కింది. కానీ ఆ సంగతి తెలిసేసరికి స్కానమ్మ పరికరం శుభ్రం చేసి, దుప్పటి మార్చి, భుజం ఒకసారి విరుచుకుని ఇంకో ముగ్గుర్ని చూసేసింది. "మంచిది," అని మాత్రం అంది. సంతోషించడానికి కూడా కూర్చోవాలిగా.

లోపలి సంగతులన్నీ ఆయా తర్వాత చెప్పినవే. ఇక ఆ రోజు స్ట్రెచర్ ఖాళీ లేక అక్క చక్రాల కుర్చీలో ఆపరేషన్ గదికి వెళ్లిందని ఇంట్లో చెప్పుకుంటారు. బావ ఇప్పటికీ ఆస్పత్రి వాళ్లను తిడుతుంటాడు. పాపం, వాళ్లు స్ట్రెచర్ తెచ్చారు, తలుపు దాకా తెచ్చారు. 'ఆపరేషన్' అన్న మాట చెవిన పడగానే, అక్క సంచీతో సహా, కళ్లు తేలేసి ఎవడో దాని మీద పడిపోయాడు. ఆ పడిపోయిన తమ్ముణ్ణి నేనే.