జెల్లల కడుపులో సున్నా

చంద్రకళకు చేపలంటే కంటికి ఇష్టమే, ముక్కుకే పడవు. గద్వాలలో వాళ్లింట్లో మగ్గం మీద ఎప్పుడూ ఏదో ఒక పట్టుచీర ఉంటుంది. పట్టుకు వాసన ఇట్టే పట్టేస్తుందని వాళ్ల నాన్న నీచును గడప దాటి లోపలికి రానివ్వడు. అలాంటి ఇంటి పిల్లకు చేపల పరిశోధన సంస్థలో ఉద్యోగం దొరికింది. ఉద్యోగం దొరకడమే గగనమైన రోజుల్లో ముక్కును అడిగి చేరేవాళ్లు ఎవరుంటారు? చేరిపోయింది.

ధరూర్ దాటాక కృష్ణ ఒడ్డున ఒక ఊరుంది. అక్కడ నది వంపు తిరిగి మడుగు కట్టింది. వానలు మొదలైతే ఆ మడుగులో చేపలు గుడ్లు పెడతాయని ఊరి బెస్తవాళ్లు ఆ నాలుగు నెలలూ అందులో వల వేయరు. తిండికి ఎంత కటకటగా ఉన్నా వేయరు. ఆ నమ్మకం నిజమో కాదో తేల్చడానికే చంద్రకళను పంపారు. వారం వారం మడుగులో కొన్ని జెల్ల చేపలు పట్టించి, పొడుగు కొలిచి, తూకం వేసి, కడుపు కోసి, లోపలి గుడ్లను తూచి ఫోన్‌లో ఎక్కించాలి. గుడ్లు లేవని తేలితే మడుగును కాంట్రాక్టరు పెద్ద వలలకు వదిలేస్తారు. ఈ సంగతి ఆమెకు మొదటి రోజే చెప్పారు. తెలియక చేసిందని అనడానికి వీల్లేదు.

చేపలు తెచ్చిచ్చేది జోగులమ్మ. నది మీద బతికి ముసలైన మనిషి. మొదటి రోజు పొడుగూ తూకమూ బాగానే అయ్యాయి. కత్తి పట్టుకుని కడుపు మీద పెట్టేసరికి చంద్రకళకు డోకొచ్చింది.

"జర నువ్వే కోసి పెట్టు పెద్దమ్మా. నాకు ఈ వాసన పడదు" అంది ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని.

"గంతేనా బిడ్డ, ఇటియ్యి" అని జోగులమ్మ చేపలను నీళ్ల దగ్గరికి తీసుకుపోయింది. మన ఊరికొచ్చిన పిల్ల అడిగితే కోసి ఊరుకుంటుందా? పొలుసూ పేగూ తీసి, మూడు నీళ్లు కడిగి, తళతళలాడించి తెచ్చింది. కడుపులో గుడ్లు మాత్రం ఆకులో కట్టి పక్కన పెట్టుకుంది. ఇంట్లో కోడలు కడుపుతో ఉంది. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే చేప గుడ్లు ఆ పిల్లకే పెట్టడం వాళ్ల ఆచారం.

చంద్రకళ అటు తిరిగి కూర్చుంది కాబట్టి ఆ ఆకు చూడలేదు. చూడకూడదనే అటు తిరిగింది. ఫోన్‌లో గుడ్ల తూకం దగ్గర గడి ఖాళీగా వదిలితే తర్వాతి పేజీ తెరుచుకోదు. 'చూడలేదు' అని రాసే వీలుంది, కానీ రాస్తే ఎందుకు చూడలేదని ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. సున్నా నొక్కింది. పేజీ తెరుచుకుంది. వచ్చే వారం సరిగ్గా చేద్దాంలే అనుకుంది. వచ్చే వారం కూడా ఆ వాసనే, ఆ చున్నీయే, ఆ సున్నాయే. వానాకాలం అట్లాగే గడిచిపోయింది.

చలికాలంలో సంస్థ నుంచి సాయినాథ్ సారు వచ్చి చేపల సొసైటీ షెడ్డులో అందరినీ కూర్చోబెట్టాడు.

"మీ మడుగులో ఒక్క చేపకు కూడా గుడ్లు లేవు. ఊరికే నాలుగు నెలలు వలలు ఆపుకుంటున్నారు. వచ్చే వానల నుంచి పెద్ద వలలు దిగుతాయి" అన్నాడు.

"పెద్ద వలలు దిగితే మాకేం మిగుల్తది సార్?" అని సొసైటీ పెద్ద భీమన్న లేచాడు.

అప్పుడు జోగులమ్మ మెల్లగా నిలబడింది. "గుడ్లు ఉండె సార్. ప్రతి వారం ఉండె."

"ఉంటే ఎక్కడ పోయినయ్?" అన్నాడు సాయినాథ్.

జోగులమ్మ చంద్రకళ వైపు చూసింది. చంద్రకళ ఫోన్‌లోకి చూసింది. ఫోన్‌లో ఏమీ లేదు, తెర కూడా వెలగలేదు.

"నేనే తీస్కపోయిన సార్" అంది జోగులమ్మ. "కోడలికి వండి పెట్టిన. గవి సర్కారుకు లెక్క చెప్పాల్నని నాకు తెల్వదు. తప్పైంది. ఈ బిడ్డనేమనకుండ్రి."

"మడుగు మొత్తం నీ కోడలే మింగిందా ఏందే!" అని భీమన్న అరిచాడు. షెడ్డులో కొందరు నవ్వారు. జోగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ దొంగలా నిలబడిపోయింది.

ఆ నవ్వుకు చంద్రకళ చెవులు భగ్గుమన్నాయి. లేవాలని ఉంది, లేవలేదు. ముసలామె నెత్తిన పడిన మాట తనది. ఇంకొంచెంసేపు ఊరుకుంటే అది ఎప్పటికీ అక్కడే ఉండిపోతుందని తెలుస్తోంది. అయినా ఊరుకుంది. ఆ కాసేపు ఊరుకున్నందుకు ఆ తర్వాత తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు. చివరికి లేచింది.

"ఆమెది తప్పు కాదు సార్. నాకు వాసన పడదని నేనే కోయమన్న. గుడ్లు నేను చూడనే లేదు. చూడకుండ సున్నా పెట్టిన."

ఎవరూ నవ్వలేదు. సాయినాథ్ ఆ ఏడాది లెక్క మొత్తం కొట్టేశాడు. మళ్లీ ఒక వానాకాలం చూసేదాకా పెద్ద వలలు రావని చెప్పాడు. చంద్రకళను మాత్రం ఉద్యోగంలోంచి తీసేయలేదు, మళ్లీ నువ్వే చెయ్యి అన్నాడు. తీసేస్తే బాగుండునని ఆమెకు అనిపించింది.

వానలొచ్చాయి. చంద్రకళ చున్నీని నడుముకు బిగించి, కత్తి తనే పట్టుకుని ఒడ్డున కూర్చుంది. జోగులమ్మ వచ్చింది. పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టి, జుట్టుకు కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. చేపల గిన్నె చంద్రకళ ముందు పెట్టి, వెనక్కి జరిగి, దూరంగా గాలికి అవతలి పక్కన కూర్చుంది.

"గంత దూరమెందుకు పెద్దమ్మా, ఇటు రా" అంది చంద్రకళ.

"వస్త బిడ్డ" అని జోగులమ్మ కదలకుండా రెండు చేతులూ చాచి చూపించింది. "సబ్బుతోని రెండుసార్లు కడుక్కున్న. అయినా వాసనొస్తదేమో అని."