మొలకెత్తని చిక్కుడు

మట్టి కింద చిక్కుడు గింజలన్నీ చచ్చి ఉన్నాయి.

టీచరక్క మోకాళ్ల మీద కూర్చుని మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో కెలికింది. తగిలిన ప్రతి గింజా మెత్తగా కుళ్లి చేతికి అంటుకుంది. కమ్యూనిటీ హాలు వెనక ఖాళీ స్థలంలో వాడలోని పిల్లలకు ఆదివారాలు ఆమె సేద్యం నేర్పుతోంది. ఈ చిక్కుడు టీచరక్క వాళ్లమ్మ ఏటేటా కాపాడుకుంటూ వచ్చిన రకం, ఊదారంగు చారలది. ఇంకెక్కడా దొరకదు. అమ్మ పోయింది. సీసాలో దాచిన గింజలు ముసలివైతే మొలకెత్తవని, మంచివి ఒక్కటీ మిగల్చకుండా పిల్లల చేతికిచ్చి నాటించింది.

పిల్లలు చుట్టూ చేరి మడిలోకి తొంగిచూశారు. అందరూ వాగుడుకాయ అని పిలిచే పిల్ల ముందుకొచ్చింది.

"ఎవరో విషం పోశారక్కా. వాచ్‌మన్ బాబాయ్ మొన్న కలుపు మందు డబ్బాతో తిరిగాడు. నా కళ్లతో చూశా."

"మరి పక్క మడిలో తోటకూర ఎలా బతికిందే?"

"దానికి మొండితనం ఎక్కువేమో, నాలాగా."

ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్‌ని పిలిచి అడిగితే, గేటు బయట కాలిబాట మీద తప్ప ఎక్కడా చల్లలేదని మొత్తుకున్నాడు. తోటకూర ఏపుగా ఉంది. నీళ్లు రెండు మడులకూ ఒకే కుళాయివి. అంటే తప్పు మట్టిలో లేదు, నీళ్లలో లేదు. గింజలోనే ఉంది.

గింజలు తెచ్చిన సంచీ ఆమె భుజానికే వేలాడుతోంది. దులిపితే, నాటడానికి పనికిరావని ఏరి సంచీలోనే వదిలేసిన పగుళ్ల గింజలు రెండు రాలాయి. ఒకటి పంటి కింద పెట్టింది. ఎండు చిక్కుడు గింజ రాయిలా ఉండాలి. ఇది కరకరలాడి పిండైపోయింది. కమ్మటి వాసన కూడా వచ్చింది.

రెండో గింజను టీచరక్క గుప్పిట్లో పెట్టుకుంది. పిల్లలను ఇళ్లకు పొమ్మని, తనూ ఇంటిదారి పట్టింది.

అన్నయ్య వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆసుపత్రి క్యాంటీన్‌లో వంటమనిషి. అమ్మ పోయాక గింజల సీసా ఆయన అలమరలోనే ఉండేది. ఆమె గుప్పిట్లోని గింజను చెక్కపలక మీద, కత్తి పక్కన పెట్టింది. ఆయన దాన్ని వాసన చూశాడు. ఆమె చేతికి అంటిన మట్టి చూశాడు. కత్తి పక్కన పెట్టేశాడు.

"ఒక్కటీ రాలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన పొయ్యి వైపు చూపించాడు.

"నేనేనమ్మా. వానల్లో సీసాలో పురుగు కనపడింది. అమ్మ చేతి గింజలు పొట్టయిపోతాయని భయమేసింది. పప్పుకి పురుగు పట్టకుండా క్యాంటీన్‌లో ఏం చేస్తానో అదే చేశా. సన్నటి సెగ మీద, రంగు మారకుండా, దగ్గరుండి కలుపుతూ వేయించా. పురుగు మళ్లీ రాలేదు. నువ్వు వాటిని పిల్లలకిస్తానంటే లోపల ఎంత పొంగిపోయానో, పాడవకుండా దాచింది నేనే కదా అని. వంటవాణ్ణి, నాకు గింజంటే తినేదే. లోపల ప్రాణం ఉంటుందని తట్టలేదే. అమ్మ చిక్కుడుని నేనే చంపేశాను. పిల్లలకి నువ్వు చెప్పకు. నేనొచ్చి చెప్తా."