సన్నాయి మీరావలి తొక్కిన సైకిల్‌ని

నేను ఒక సైకిల్‌ని. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క గజం కూడా ముందుకు పోని సైకిల్‌ని. ఇంట్లో ఒక మూల నిలబెట్టి, ఒంటి కోసం తొక్కే రకం. నా పిడులకు చెరొక లోహపు బిళ్ల ఉంటుంది. వాటిని పట్టుకుంటే చాలు, మనిషి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో ఎదురుగా ఉన్న చిన్న తెర మీద చూపిస్తాను. మనుషుల నోళ్లు ఏమైనా చెప్పనీ, అరచేతులు మాత్రం నా దగ్గర అబద్ధం ఆడలేవు.

ఏదో ఫ్యాక్టరీలో నన్ను బిగించి, లారీ ఎక్కించి, నరసరావుపేటలో ఒక సిమెంటు వ్యాపారి ఇంట్లో దించారు. తోడల్లుడి గుండెకు స్టెంటు వేశారని విన్నప్పటి నుంచి ఆయనకు కంటి మీద కునుకు లేదట. నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చివరికి నా కింద ఒక నిమ్మకాయ కూడా పెట్టారు. కదలడమే తెలియని నేను ఆ నిమ్మకాయను ఎట్లా తొక్కాలో ఎవరూ ఆలోచించలేదు. ఆయన ఉత్సాహం వారంలో చల్లారింది. తరువాత నా మీద తువ్వాళ్లు ఆరాయి, లుంగీలు ఆరాయి. ఇంటికొచ్చిన చుట్టాలకు మాత్రం “రోజూ తొక్కుతున్నా” అని చెప్పేవాడు.

ఆయన కూతురి పెళ్లికి సన్నాయి వాయించిన షేక్ మీరావలికి గుండెపోటు వచ్చిందని తెలిసి, నన్ను ఆటోలో వేసి వాళ్లింటికి పంపేశాడు. సాయం చేశానన్న తృప్తి ఆయనది, మూల ఖాళీ అయిందన్న సంతోషం ఆయన భార్యది.

మీరావలికి నా అవసరం నిజంగా ఉంది. ఏటా శ్రీరామనవమికి రాములవారి కళ్యాణంలో, ముహూర్తానికి కాస్త ముందు, అతను సన్నాయి మీద ఒకే స్వరాన్ని, మధ్యలో గాలి పీల్చకుండా, ఒక్క దమ్ములో నిలుపుతాడు. అతని తండ్రీ అట్లాగే నిలిపాడు. పందిట్లో జనమంతా అతనితోపాటు ఊపిరి బిగబట్టి, ముందుగా వదిలినవాళ్లను చూసి నవ్వుకుంటారు. అదొక ఆనవాయితీ. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో అతను నాలుగు మెట్లు ఎక్కి కూలబడేవాడు. డాక్టరమ్మ సైకిల్ తొక్కమంది. గుండె కూడా కండే, రోజూ కాస్త కాస్త పని చెబితే బలపడుతుంది, రక్తపోటు అదుపులోకి వస్తుంది, దమ్ము పెరుగుతుంది అంది. తొక్కాడు. రోజూ, మానకుండా. అతని అరచేతుల్లో గుండె నెమ్మదిగా కుదుటపడుతుంటే నాకు గర్వంగా ఉండేది.

ఇంతలో కొంప మునగబోయింది. పండగ దగ్గర పడింది. వేరే మేళాన్ని పిలుద్దామా అని గుడి పెద్దలు అడిగి వెళ్లిన రోజు, మీరావలి నా మీద కూర్చుని, చిన్నప్పుడు తండ్రి నేర్పిన సాధన మొదలుపెట్టాడు. తాళం లెక్కపెట్టుకుంటూ ఊపిరి బిగబట్టాడు, బిగబట్టే తొక్కాడు. సన్నాయివాడికి తప్ప ఇంకెవరికీ తట్టని పిచ్చి ఆలోచన అది. బిళ్లల కింద అతని గుండె పరుగెత్తింది, తడబడింది, ఒక దెబ్బ మరిచింది. నాకు భయం వేసింది. నాకు నోరు లేదు, ఉన్నవల్లా అంకెలే. వాటిని పైకీ కిందికీ ఎగరేశాను. అతను చూసి విసుక్కున్నాడు. మళ్లీ బిగబట్టాడు.

అతని భార్య కరీమూన్ వంటింట్లోంచి వచ్చింది.

“ఏందయ్యా ఆ చెమటలు? మొహం నల్లబడిపోయింది!”

“ఏంలేదులే. పాత సరుకు గదా, అంకెలు పిచ్చిపిచ్చిగా చూపిస్తా ఉంది.”

ఆమె అతని చేతులు పక్కకు నెట్టి తాను నా పిడులు పట్టుకుంది. నేను నా శక్తంతా పెట్టి సరిగ్గా చూపించాను. అంకెలు నిలకడగా నిలబడ్డాయి.

“నా చేతికి బాగానే చూపిస్తా ఉంది. పాడైంది ఇది కాదు. దిగు, ఆసుపత్రికి పోదాం.”

వాళ్లు వెళ్లాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అతని చెమట నా పిడుల మీద ఆరిపోయింది. వాళ్లు ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులూ నేను పడ్డ ఆరాటం ఎవరికీ చెప్పుకోలేను. తిరిగొచ్చాక కరీమూన్ పక్కింటామెతో అన్న మాటలే నాకు తెలిసిన వైద్యం. “డాక్టరమ్మ చెడామడా తిట్టింది వదినా. సైకిల్ మంచిదేనంట, ఈ మనిషి మొండితనమే చెడ్డదంట. తొక్కేటప్పుడు మాట్లాడుతా తొక్కాలంట. మాట ఆగితే వేగం ఎక్కువైనట్టంట. దమ్ము బిగబట్టాడో, ఇంకోసారి ప్రాణం దక్కదంది.”

అప్పటి నుంచి ఆమె నా ఎదురుగా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేది. అతను తొక్కుతూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పాలి. కాపురం చేసినన్నాళ్లలో వాళ్లు అంత మాట్లాడుకుని ఉండరు. అతని గుండె మళ్లీ దారిన పడింది. వాయించవచ్చు, మొండికెయ్యకూడదు అని డాక్టరమ్మ అనుమతి ఇచ్చింది.

శ్రీరామనవమి నాడు మీరావలి సన్నాయి తీసుకుని వెళ్లాడు. కరీమూన్ వెళ్లలేదు. చూడలేనంది. గుడి మైకు మా ఇంటిదాకా వినిపిస్తుంది. ముహూర్తం దగ్గర పడేసరికి ఆమె వచ్చి నా మీద కూర్చుని పిడులు గట్టిగా పట్టుకుంది. వేళ్లు మంచులా ఉన్నాయి.

ఆ స్వరం లేచింది. డోలు ఆగింది, జనం ఆగారు. స్వరం సాగుతోంది, ఇంకా సాగుతోంది. పరువు కోసం ఈ మనిషి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడని ఆమె గుండె నా చేతుల్లో దడదడలాడుతోంది. తెలియకుండానే తొక్కడం మొదలుపెట్టింది. “వదులయ్యా, వదులు” అని గొణుగుతోంది.

స్వరం తెగిపోయింది.

మైకులో ఏమీ లేదు. ఆమె కాళ్లు ఆగాయి.

అప్పుడు మైకులో ఒక శబ్దం వినిపించింది. నిండుగా గాలి పీల్చుకున్న శబ్దం. ఆ వెంటనే అదే స్వరం మళ్లీ లేచింది, తెగిన చోటి నుంచే, నిబ్బరంగా.

“తీసుకున్నాడు,” అంది కరీమూన్, ఏడుస్తూ, నవ్వుతూ, నన్ను గబగబా తొక్కుతూ. “అంతమంది ముందర దమ్ము తీసుకున్నాడు!”