మొదటి పాట వేగం

2004 జూన్ 12, శనివారం ఉదయం పదకొండు గంటలకు పేట్ బషీరాబాద్‌లోని ఒక క్యాసెట్ కంపెనీ ఆఫీసులో రేచల్ ఒప్పంద పత్రం మీద సంతకం చేయనంది.

గౌడవెల్లికి చెందిన రేచల్, ఆమె అన్న ఫిలిప్ పదేళ్లుగా కీబోర్డు, రిథమ్ మిషన్‌లతో పాటలు కడుతున్నారు. ఏడాదికి ఒక పాట, ఒక క్యాసెట్. ఒకవైపు పాట, రెండోవైపు గొంతు లేకుండా మ్యూజిక్. ఆ పది పాటలనూ ఒకే సీడీగా తెస్తానని కంపెనీ యజమాని రాఘవేందర్ ఇద్దరినీ పిలిచాడు. పేచీ మొదటి పాట దగ్గర వచ్చింది.

1994లో ఆ పాట రికార్డు చేసిన రోజు ఇంట్లో కరెంటు లేదు. ఫిలిప్ కొత్త సెల్స్ అన్నీ కీబోర్డుకు వేశాడు. టేప్ రికార్డర్‌కు రేడియోలోని పాత సెల్స్ మిగిలాయి. టేపు మెల్లగా తిరుగుతూ రికార్డు చేసుకుంది. తర్వాత కరెంటు మీద పెట్టి వింటే పాట పరుగెత్తింది, రేచల్ గొంతు సన్నబడింది. మళ్లీ పాడేలోపే ఒక పెళ్లివాళ్లు ఆ క్యాసెట్ పట్టుకుపోయి బరాత్ ఊరేగింపులో వేశారు. ఆ ఎండాకాలం మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా బ్యాండువాళ్లు ఆ పాటను అదే వేగంతో వాయించారు.

"గా గొంతేంది తల్లీ, కోడిపిల్ల లెక్క?" అన్నాడు రాఘవేందర్. "మావోడు సరిజేసిండు, ఇను."

సరిచేసిన పాట వేశాడు. పందొమ్మిదేళ్లప్పుడు తన గొంతు ఎలా ఉండేదో రేచల్ విన్నది. పాట అయ్యాక రాఘవేందర్ ఆమె వైపు తిరిగాడు.

"మస్తుంది గదా?"

"మస్తుంది సార్. గని గీ పిల్ల ఎవ్వలో మా దిక్కు ఎవ్వలకు ఎర్కలేదు. ఆల్లు బరాత్ల ఎగిరింది గా కోడిపిల్ల గొంతుకే."

ఫిలిప్ తల ఎత్తలేదు. "సెల్స్ తప్పు నాదే చెల్లె. పదేండ్ల సంది సిగ్గైతాంది. దిద్దనియ్యి."

"నీ సిగ్గు నీ తాననే పెట్టుకో అన్నా. పాటకు రుద్దకు."

"దిద్దకుంటె సీడీ లేదు," అన్నాడు రాఘవేందర్.

"లేకుంటె లేకపాయె. మా క్యాసెట్లు మాకియ్యిన్రి."

పది క్యాసెట్లనూ సంచిలో వేసుకుని ఆమె రోడ్డు మీదికి వచ్చింది. కాసేపటికి ఫిలిప్ వచ్చి బండి స్టార్ట్ చేశాడు.

"ఎక్కు," అన్నాడు. "నువ్వు మొండిదానివే."

జులై 19న మేడ్చల్‌లోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఫిలిప్ పది పాటలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. మొదటి పాట స్పీడు తగ్గించాలా అని సెంటర్ నడిపే తేజస్వి అడిగింది.

"ముట్టకు," అన్నాడు ఫిలిప్.

ఆ వారం రెండు వందల సీడీలు తయారయ్యాయి. వాటిలో మొదటి పాట నిడివి, పాత క్యాసెట్‌లో ఉన్నట్టే, మూడు నిమిషాల ఎనిమిది సెకన్లు.