బోర్డులో మూడో మనిషి

నా భార్య అనంతమ్మ కరెంటు తగిలి పడిపోయినప్పుడు నా కొడుకు భిక్షపతి నన్ను ఆమె దగ్గరికి పోనివ్వలేదు. వెనక నుంచి నా చేతులు విరిచి పట్టుకున్నాడు. ఇందులో అనుమానం లేదు. వీధంతా చూసింది.

ఎల్బీ నగర్ దగ్గర మా పొలం ప్లాట్లయ్యాక, మాకు మిగిలిన జాగాలో ఇల్లు కట్టుకున్నాం. అప్పటికి కాలనీలో కరెంటు స్తంభాలు పడలేదు. పెద్ద రోడ్డు మీది స్తంభం నుంచి వరసగా వెదురు బొంగులు పాతి, వాటి మీదుగా ఇంటికి వైరు తెచ్చుకునేవాళ్లం. బట్టలారేసే ఇనుప తీగను కూడా ఆ బొంగుకే కట్టేవాళ్లం. దానికోసం ఇంకో గుంజ పాతడం దండగ అనుకునేవాళ్లం. మా ఇంట్లోనూ అంతే. ఒక వాన పొద్దున పైన వైరు ఒరుసుకుపోయి తీగకు కరెంటు దిగింది. అనంతమ్మ పిండిన చీర దాని మీద వేసింది.

పక్కింటి బక్కయ్య పెద్ద రోడ్డు దాకా ఉరికి, స్తంభం దగ్గర ఫ్యూజు పీకేదాకా భిక్షపతి నన్ను వదల్లేదు. వదిలాక ముట్టుకుంటే ఏం లాభం?

ఆ తర్వాత వాడితో అవసరమైనంత వరకే మాట్లాడాను. అన్నం తిన్నవా, తాళం యాడ పెట్టినవ్. అంతే.

వాళ్లమ్మ పోయేనాటికే వాడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాడు. రెండేళ్లు ఖాళీగా తిరిగాక, గోదావరి పక్కనున్న కరెంటు ప్లాంటులో ఆపరేటర్ పనికి రాతపరీక్ష పాసయ్యాడు. మిగిలింది ఇంటర్వ్యూ. వయసు దాటిపోతోంది, ఇది పోతే ఇంకోటి లేదు. మా ముందు వాటాలో కిరాయికుండే భానుమూర్తి వాడిని తయారు చేస్తానన్నాడు. ఆయన కృష్ణా జిల్లా మనిషి. కరెంటు ప్లాంటులోనే పనిచేసి రిటైరై, సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్ ట్యుటోరియల్లో పాఠాలు చెప్పేవాడు.

“బాయిలర్ ఎలా పనిచేస్తుందో రాతపరీక్షలో అడిగేశారు. ఇప్పుడు నువ్వెలా పనిచేస్తావో అడుగుతారు,” అన్నాడు భానుమూర్తి. “ప్రమాదం వస్తే ఏం చేశావు? పైవాడు తప్పు చేయబోతే ఎలా ఆపావు? నీకు జరిగినవే చెప్పాలి.”

“ఉద్యోగానికి కథలు చెప్పాల్నా సారూ?” అన్నాను. “గట్లయితే ఒగ్గుకథ చెప్పేటోళ్లనే తీస్కోరాదు?”

“వాళ్లయితే ఇట్టే పాసవుతారండీ. మీవాడితోనే కష్టం.”

ఆ మాట నిజమే. కాలేజీ వర్క్‌షాపులో లేతు మిషన్ అంటుకుంటే ఇసుక పోసి ఆర్పానని మొదలుపెట్టాడు భిక్షపతి.

“ఇనప లేతు ఎక్కడ అంటుకుందయ్యా? ఇంకోటి చెప్పు.”

సిటీ బస్సు మెట్ల మీంచి జారబోయిన ముసలాయన్ని లోపలికి లాగానన్నాడు.

“నిన్ను కండక్టర్‌గా తీసుకుంటారు,” అన్నాడు భానుమూర్తి. కాసేపు ఆలోచించి మూడు కుర్చీలు వరసగా వేయించాడు. “వీడికి ఎదురుగా ఇంటర్వ్యూ చేసే బోర్డు కూర్చోవాలి, అప్పుడుగానీ రాదు. మధ్యలో నేను. ఆ చివర మా శేషారత్నం. జంగయ్య గారూ, ఈ చివర మీరు.”

“నేను ఊరి బడిల చదువుకున్నోన్ని. నాకేం తెలుస్తది?”

“తెలియక్కర్లేదు. మీ మొహంలో ఆ కోపం చాలు. ప్రతి బోర్డులోనూ అలాంటివాడొకడుంటాడు.”

ఆయన భార్య శేషారత్నం చిక్కుడుకాయల చేట ఒళ్లో పెట్టుకుని, నవ్వాపుకుంటూ కూర్చుంది. భానుమూర్తి వాడికి ఒకటే షరతు పెట్టాడు. “ఇక్కడ నాయినా లేదు, పిన్నిగారూ లేదు. అందరూ సార్లే.” తర్వాత గొంతు మార్చి అడిగాడు. “మీకంటే పెద్దవాడు ప్రమాదంలోకి వెళ్తుంటే ఎప్పుడైనా ఆపారా?”

భిక్షపతి నేల వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. వాన, బొంగు, తీగ, చీర. అన్నీ చెప్పాడు. “మా అమ్మ” అన్నాడు. “మా నాయిన” అన్నాడు, నా మొహం చూస్తూనే. శేషారత్నం చేతులు చేటలో ఆగిపోయాయి.

“లైను ఆపకుండా మనిషిని ముట్టుకోనివ్వకూడదు,” అన్నాడు భానుమూర్తి మెల్లగా. “ప్లాంటులో మొదటి పాఠం అదే.”

ఆయన ఇంక చాలనబోయాడు. నేను చెయ్యెత్తాను. బోర్డులో నన్ను కూర్చోబెట్టింది ఆయనే.

“ముట్టుకోవద్దంటివి, మంచిదే,” అన్నాను. “ఎండు కట్టె తోటి కొట్టి తీగను ఇడిపియ్యొచ్చు గద. నువ్వు చదివినోనివి. గది ఎందుకు చెయ్యలే?”

అంతకుముందు ఈ మాట వాడిని అడగలేదు. అడక్కుండానే జవాబు నాకు తెలుసనుకున్నాను. భయపడ్డాడని.

“కట్టె ఉండె సార్. వసారాల పొయ్యికట్టెలు ఉండె. సూసిన.”

“మరి?”

“మా నాయినను ఇడిస్తేనే కట్టె అందుతది సార్. ఇడిస్తే ఆయన పోయి అమ్మను పట్టుకుంటడు. బలమైన మనిషి. నా రెండు చేతులూ ఆయనను ఆపుటానికే సరిపోయినయ్.”

“చెప్పకపోయినవా, కట్టె తెస్తనని?”

“చెప్పిన సార్. మస్తు సార్లు చెప్పిన. ఆయన ఇనే తీరుల లేడు.”

శేషారత్నం చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

భానుమూర్తి వాడితో అన్నాడు. “బాబూ, ఇది చెబితే నిన్ను కాదనేవాడుండడు. కానీ మీ నాన్నగారు ఒప్పుకుంటేనే చెప్పు. లేకపోతే వేరేది వెతుకుదాం.”

భిక్షపతి నిలబడ్డాడు. “నాయినా, చెప్పాల్నా, వద్దా?”

వద్దంటే వాడు చెప్పేవాడు కాదు. అది నాకు తెలుసు. లేతు మిషన్ మంట చెప్పి తిరిగొచ్చేవాడు.

“చెప్పు,” అన్నాను.

“కట్టె సంగతి గూడ?”

“అడిగితే చెప్పు. అబద్ధం చెప్పకు.”

వాడు చెప్పొచ్చాడు. ఉద్యోగం వచ్చింది. క్వార్టర్ ఇచ్చారు, రమ్మన్నాడు. నేను పోలేదు. నెలకోసారి వస్తాడు. పక్కపక్కన కూర్చుని తింటాం. కాలనీలో వాళ్లు మీవాడు ఇంటర్వ్యూలో ఏం చెప్పాడని అడుగుతుంటారు. అడిగినవాటికి జవాబు చెప్పాడంటాను.

కిందటిసారి వచ్చినప్పుడు చెయ్యి కడుక్కుంటూ, “నాయినా, ఆ పొద్దుగాల...” అని మొదలుపెట్టాడు. లేచి బయటికి వచ్చేశాను. వాడు నన్ను పట్టుకున్న మాట వాస్తవం. ఎందుకు పట్టుకున్నాడో బోర్డు విన్నది. దాని గురించి నేను ఇక మాట్లాడను. వాడితోనూ మాట్లాడను, ఇంకెవరితోనూ మాట్లాడను.